వంగిన గుంజ

ఆ గుంజ ఒక పట్టాన లొంగలేదు. పొద్దుట నుంచి అదే పని: కాల్చడం, దాగలి మీద పెట్టడం, కొట్టడం, మళ్లీ కాల్చడం. భూమయ్య పటకారుతో పట్టి తిప్పుతుంటే కోడలు ఈరవ్వ సమ్మెట వేస్తోంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల కొలిమి దానికేమీ తీసిపోలేదు. పొద్దుగూకక ముందే గుంజలన్నీ పడవ అంచున నిలబడాలని దొర గుమస్తా హన్మండ్లు ఇప్పటికే మనిషి మీద మనిషిని పంపాడు. ఇక తానే వస్తానని కబురు చేశాడు. ఆయన తానే రావడమంటే ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు.

మిగతా గుంజలకు అక్కడక్కడ సొట్టలు పడ్డాయంతే, నాలుగు దెబ్బలకు చెప్పినట్టు విన్నాయి. ఇది మాత్రం నడుము దగ్గర కొడవలిలా వంగిపోయింది. ఆ వంపు ఎవరి బరువుకు వచ్చిందో మామకూ తెలుసు, కోడలికీ తెలుసు. తెల్లవారినప్పటి నుంచి ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

“ఇంగొక్కటెయ్యి బిడ్డా, వస్తది,” అన్నాడు భూమయ్య.

వేసింది. వచ్చింది. ముసలాయన ఒక కన్ను మూసి గుంజ పొడవునా చూసి, “సక్కగైంది,” అని గొణిగాడు. ఈరవ్వ సమ్మెట దించి గోడకు ఆనుకుంది. కట్టుకున్నవాడి గుర్తుగా ఈ లోకంలో మిగిలింది ఆ వంపొక్కటే. దాన్ని తన చేతులతోనే కొట్టి పోగొట్టుకుంది. ఏడవడానికి కూడా ఆ రోజు తీరిక లేదు.

భూమయ్య కాలిన ఇనుమును తొట్టిలో ముంచాడు. తొట్టిలోవి బావి నీళ్లు. సాగరం గట్టు కూతవేటు దూరంలోనే ఉన్నా, నిరుటి నుంచి ఈరవ్వ ఊరవతల బావికి పోయి కడవలతో మోసుకొస్తోంది. సాగరం నీళ్లలో కాలిన ఇనుము ముంచితే, ఆ నీళ్లలోనే పోయిన తన మొగుడు సాయిలు ఒళ్లు కాలుతుందని ఆమె భయం. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మామ కూడా ఎప్పుడూ అడగలేదు.

మంజీరకు అడ్డంగా కట్ట కట్టి సాగరం నింపినప్పుడు వాళ్ల పాత ఊరు ఇంటి కప్పులతో సహా మునిగింది. జనం గట్టు మీదికొచ్చి మళ్లీ గుడిసెలు వేసుకున్నారు. దొరకు మాత్రం అన్ని నీళ్లు కంటి ముందు కనిపించేసరికి షికారు మీద మనసు పుట్టింది. పట్నంలో ఎవరో తెల్లదొర వాడి వాడి విసిగి వదిలేసిన తెరచాప పడవను కొని రైలెక్కించాడు. కామారెడ్డి స్టేషన్‌లో దించి, జోడు బండ్లు కట్టి, ఎల్లారెడ్డి తోవ పొడుగునా వెట్టివాళ్లు తోసుకుంటూ తెచ్చారు. అప్పటికే దాని వయసు మీరింది. పైకి రంగు వేస్తే ముసలి పెళ్లికొడుకులా నిగనిగలాడేది.

ఆ పడవకొక గుణముంది. గాలి చాపను నింపగానే ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఒరగకుండా ఉండాలంటే లేచిన పక్క అంచున బరువు ఉండాలి. దొర, దొరసాని, చుట్టాలు నడుమ జంపఖానా మీద కూర్చుంటారు. బరువుకు వెట్టి మనుషులు. ఇంటికొకరు చొప్పున వచ్చి అంచున కూర్చుని, గాలి మారినప్పుడల్లా అటునుంచి ఇటు ఉరకాలి, వీపు నీళ్ల మీదికి వాల్చాలి. వాళ్లకు ఆధారం ఆ ఇనుప గుంజలు, వాటి తలల్లోంచి చుట్టూ పోయే తాడు. బరువుకు మూటలు పెడితే ఇంత బాధ ఉండదు గాని, మూటలు తడుస్తాయని దొర వద్దన్నాడు.

నిరుడు ఇలాంటి ఎండల్లోనే సాయిలు అలా వాలి కూర్చున్నప్పుడు గుంజ వంగి, మొదలంటా ఊడొచ్చింది. గుంజేమో తాడుకు వేలాడుతూ దక్కింది. సాయిలు దక్కలేదు. నీళ్లు తగ్గి పాత ఊరి మొండిగోడలు తేలినప్పుడు మామాకోడళ్లు బురదలో దిగి తమ పాత ఇల్లు, పాత కొలిమి కొట్టం చుట్టూ వెదికారు. ఏమీ కనిపించలేదు. అప్పటి నుంచీ గాలి ఆగిన వేళల్లో ఈరవ్వకు నీళ్ల అడుగున సమ్మెట దెబ్బలు వినిపిస్తాయి. అది సాయిలు చెయ్యే. రెండు పెద్ద దెబ్బలు, ఒక చిన్న దెబ్బ.

శవాన్ని కళ్లజూడనిదే గాజులు తీయకూడదని వాళ్ల కులపెద్దల కట్టుబాటు. దినాలూ లేవు, పిండమూ లేదు. ఈరవ్వ చేతుల గాజులు అలాగే ఉండిపోయాయి. భూమయ్య ఇప్పటికీ వాకిట్లో అలికిడైతే తల ఎత్తుతాడు. ఆ ముసలి ఆశను చూసి ఆమె నోరు మెదపలేదు. ఆ మౌనమే హన్మండ్లుకు బాగా పనికొచ్చింది. సాయిలు వెట్టి ఎగ్గొట్టి, ఈదుకుంటూ ఒడ్డెక్కి బొంబాయి పారిపోయాడని ఊరంతా చాటాడు. పారిపోయినవాడి ఇంటి మీద వెట్టి అలాగే ఉంటుంది. రేపు పొద్దున కాదు, ఈ సాయంత్రమే పట్నం చుట్టాలు షికారుకు వస్తున్నారు. సాయిలు చోట ఈరవ్వ కూర్చోవాలి. “ఆడదైతేంది, బరువు బరువే,” అన్నాడట గుమస్తా.

గుంజలు భుజాన వేసుకుని ఇద్దరూ గట్టుకు పోయారు. పడవ సగం ఒడ్డున, సగం నీళ్లలో ఉంది. చుక్కాని పట్టే యాకూబు చాప తాళ్లు సరిచేస్తూ వాళ్లను చూసి తల దించుకున్నాడు. సాయిలు పడిన నాడు కూడా చుక్కాని అతనిదే.

భూమయ్య ఒక్కొక్క గుంజనూ దాని బెజ్జంలో దించి శీలలు కొట్టాడు. వంపు తీసిన గుంజ దగ్గరకొచ్చేసరికి శీల చేత్తో నొక్కితేనే దిగిపోయింది. ఈరవ్వ వేలు పెట్టి చూసింది. తడిసిన పేడలా చెక్క మెత్తగా ఊడొచ్చింది. పక్క బెజ్జం చూసింది. అదీ అంతే.

“గుంజ సక్కగైతే ఏం లాభమక్కా,” అన్నాడు యాకూబు మెల్లగా. “నిలవెట్టే చెక్కనే పుచ్చిపాయె. గా పలకంత తీసి కొత్తది ఎయ్యాలె. నిరుడే చెప్పిన, గుమస్తా ఇనలే.”

టేకు పలకకు కామారెడ్డి కట్టెల అడితిలో నాలుగు రూపాయలు. చుట్టాల కోసం అదే కామారెడ్డి నుంచి వచ్చిన సోడాసీసాల పెట్టెకు అంతకంటే ఎక్కువే అయింది. పలక బదులు గుమస్తా ఒక లక్క ముద్ద, ఇంత సుద్ద, డబ్బాలో తెల్లరంగు పంపించాడు. బెజ్జాల్లో లక్క కూరి పైన రంగు పూస్తే చూపుకు గట్టిగానే ఉంటుంది.

భూమయ్య చిన్న మంట పెట్టి లక్క కరిగించసాగాడు.

“మామా, ఏం జేస్తున్నవ్?”

“జెప్పిన పని జెయ్యాలె గద బిడ్డా. ఇల్లిడిసి యాడికి పోతం? ఒక్క ఊరు మునిగింది సాలదా?”

ఆయన చెప్పింది నిజమే. లక్క కూరి, సుద్ద అద్ది, రంగు పూసేసరికి గుంజలు పెళ్లిపందిరి రాటల్లా నిటారుగా నిలబడ్డాయి. గాలికి తాడు కదిలింది. సాయిలు గుంజ కొద్దిగా ఊగింది. కనిపించని చెయ్యి ఏదో దాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు అనిపించింది ఈరవ్వకు.

అంతలో బరువు మనుషులు వచ్చారు. పక్క గుడిసె సాలవ్వ, దేవన్న, ఇంకా కొందరు. వెనకే గొడుగు కింద హన్మండ్లు.

“ఎక్కుండ్రి, ఎక్కుండ్రి! మోటరు వస్తున్నది. ఏందే ఈరవ్వా, పిలువాల్నా నిన్ను?”

ఈరవ్వ కదలలేదు. “అయ్యా, చెక్క పుచ్చింది. గీ గుంజలు మనిషిని ఆపయి.”

“ముసలోడు బిగిచ్చిండు గద. మంచిగనే ఉన్నయి.”

“మంచిగుంటే నువ్వొక్కపారి గా అంచుల కూసొని, తాడు వట్టి ఎనకకు ఒరుగు. ఒడ్డు మీదనే ఉన్నది పడవ, మునగవు.”

సాలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హన్మండ్లు గొడుగు చంకకు మార్చి, నవ్వుతున్నట్టు ముఖం పెట్టి, గుంజ మీద చెయ్యి వేశాడు. అది ఊగింది. కాలింది ముట్టుకున్నట్టు చెయ్యి తీసేసుకున్నాడు. అందరూ చూశారు. చూశారని ఆయనకూ తెలిసింది. దాంతో కోపం నెత్తికెక్కింది.

“నీ మొగనిది గీ తిక్కనే! పని సేతగాక పారిపాయె. నీ సేతుల గాజులే సాచ్చెం, వాడు బతికే ఉన్నడని. ఎక్కు!”

ఈరవ్వ మామ వైపు చూసింది. ఆయన లక్క గిన్నె పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఏడాదిగా ఆ ముసలాయన కోసం నోట్లోనే అదిమిపెట్టిన మాట అది. ఇప్పుడు అనక తప్పలేదు.

“సచ్చిండు,” అంది. “నా మొగడు సాయిలు సచ్చిండు. గీడనే, గీ గుంజ వట్టుకొనే సచ్చిండు. గాజులు మా మామ మొకం జూసి ఉంచుకున్న, నీ దొర మొకం జూసి కాదు.”

భూమయ్య గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. కొడుకు పోయిన ఏడాదికి ఆయనకు ఏడుపు వచ్చింది. తలమీది రుమాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఈరవ్వ పడవ పక్కకు నడిచి సాయిలు గుంజను ఒక్క చేత్తో లాగింది. తెల్లరంగు, లక్క, పుచ్చు అన్నీ కలిసి ముద్దగా ఊడివచ్చాయి. తాడులోంచి దాన్ని బయటికి తీసి హన్మండ్లు చేతుల్లో పెట్టింది.

“నేను ఎక్క,” అని గట్టు మీద మామ పక్కన కూర్చుంది.

గట్టు మలుపులో దుమ్ము లేచింది. మోటరు హారను వినిపించింది. పడవ మీద ఒక కాలు పెట్టిన సాలవ్వ ఆ కాలు వెనక్కి తీసుకుంది. దేవన్న ఆమె పక్కకు జరిగి నిలబడ్డాడు. యాకూబు చాప తాడు వదిలేసి చేతులు కట్టుకున్నాడు.

“భూమయ్యా! లే! దీన్ని నిలవెట్టు!” హన్మండ్లు గొంతు కీచుమంది.

ఎప్పుడు పిలిచినా “బాంచెన్” అని లేచే భూమయ్య తల ఎత్తలేదు. కోడలి చెయ్యి పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు.

మోటరు గట్టెక్కి ఆగింది. తలుపు తెరుచుకుంది. రంగు అంటిన చేతుల్లో బరువైన ఇనుప గుంజతో హన్మండ్లు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. దాన్ని అందుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు.