ఎడమచేతి పరీక్ష

నేను ఒక అద్దాన్ని అంటే సగం అబద్ధం, ఒక పలకని అంటే మిగతా సగం. రెంటినీ కలిపి బిగించి, నడుమ ఒక రేకు అడ్డం పెట్టి, ఉత్తరాదిలో ఓ వడ్రంగి నన్ను తయారుచేశాడు. పలక మీద ఇత్తడి నక్షత్రం. లోకమంతా నక్షత్రంలో పుడితే నేను నక్షత్రంతో పుట్టాను! నా ఉద్యోగం మనుషుల్ని తికమక పెట్టడం. రేకు చాటున మీ చెయ్యి మీకు కనబడదు. అద్దంలో చూసుకుంటూ ఇత్తడి పుల్లతో నక్షత్రం గీత వెంట నడవాలి. ముందుకు పోదామనుకుంటే చెయ్యి వెనక్కి వస్తుంది. గీత దాటినప్పుడల్లా నా పక్కనున్న మీటరు టక్కుమంటుంది. ఎంతటివారైనా నా అద్దంలో అడ్డంగా దొరికిపోతారు.

లారీ ఎక్కి కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీకి వచ్చాను, సైకాలజీ ల్యాబుకి. అక్కడ నాకు యజమానులు చాలామంది. మొదటాయన పుల్ల పట్టినవాణ్ణల్లా "లోపల ఏమనిపిస్తోంది? ముక్కముక్కగా చెప్పు" అని పీడించేవాడు. మనసుని ఇటుక ఇటుకగా విడదీసే సంరచనావాది. తరవాతాయన ప్రవర్తనావాది. "లోపలి గొడవ మనకెందుకయ్యా, మీటరెంత చూపించింది?" అనేవాడు. మూడో ఆయన మనోవిశ్లేషణ మనిషి, చెయ్యి వణికితే చాలు, "చిన్నప్పుడు మీ నాన్న నిన్ను అద్దం ముందు తిట్టారా?" అని మొదలుపెట్టేవాడు. ఇంకొకాయన గెస్టాల్టు. గీతల్ని కాదు, మొత్తం నక్షత్రాన్ని చూడమనేవాడు. చివరికి మానవతావాది మేడం వచ్చి, "తప్పులు తర్వాత, ముందు ఆ పిల్లకి మంచినీళ్లివ్వండి" అంది. విడివిడిగా ఒక్కొక్కరిదీ ఒక వాదం, స్టాఫ్ రూములో కలిస్తే వివాదం, టీ వస్తే సంవాదం.

వాళ్లందరూ ఒప్పుకున్నది ఒక్కటే: తప్పులు చేస్తూ చేస్తూ మనిషి నేర్చుకుంటాడు. రౌండు రౌండుకీ తప్పులు తగ్గుతాయి. దీన్ని ప్రాక్టికల్ పరీక్షలో చూపించాలంటే, నన్నెప్పుడూ ముట్టని మనిషినొకర్ని విద్యార్థే తెచ్చుకోవాలి. తెచ్చుకున్న మనిషి సరిగ్గా ఆ రోజే రాడు. అప్పుడు ల్యాబు అటెండరు నూకరత్నం కూర్చుంటుంది. ఇరవై రెండేళ్లుగా ఆవిడే కూర్చుంటోంది. నక్షత్రం ఆవిడకి కంఠతా, కాదు కాదు, కరతా వచ్చేసింది. అయినా పిల్లల మార్కుల కోసం మొదటి రౌండులో ముప్పై తప్పులు, తర్వాత ఇరవై, ఆ తర్వాత పది... తప్పుల్ని కూడా తప్పకుండా చేసేది.

షకీనా అనే డిగ్రీ పిల్ల పరీక్షనాడూ అదే జరిగింది. కూర్చుంటానన్న స్నేహితురాలికి జ్వరం. షకీనా నిరుడు ఈ ప్రాక్టికల్లోనే తప్పింది. యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చి కూర్చుంది. ఈసారీ తప్పితే ఆ సీట్లో ఇంకెవరో కూర్చుంటారు.

"బయపడకే అమ్మా. ముప్పై తప్పులు సరిపోతాయా, ఇంకో రెండెయ్యమంటావా?" అంది నూకరత్నం, కూరలో ఉప్పు సంగతి అడిగినట్టు.

"నీ ఇష్టం పిన్నీ" అంది షకీనా, నేల చూస్తూ.

పరీక్షాధికారి పరాంకుశం గారు వచ్చారు. పరులకి అంకుశమే! వచ్చి సరిగ్గా నూకరత్నం కుర్చీ వెనకే నిలబడ్డారు. కొత్త పనైతే ఎవరైనా చూస్తుంటే చెయ్యి తడబడుతుంది. చేతికి పట్టుబడిన పనైతే ఇంకా నున్నగా సాగుతుంది. ఆ సంగతి పుస్తకంలో ఉంది, నూకరత్నం చేతిలోనూ ఉంది. తప్పు చేద్దామని ఆవిడ ఎంత తంటాలు పడ్డా చెయ్యి మాట వినలేదు. మీటరు నోరు మెదపలేదు. సున్నా. రెండో రౌండూ సున్నా.

"మొదటిసారి కూర్చున్న మనిషికి సున్నా తప్పులా? నా చెవిలో పువ్వు కనిపిస్తోందా అమ్మాయ్?"

"ఆయ్, మొదటిసారేనండి బాబూ. రోజూ ముగ్గులేత్తానండి, అంచేత..."

షకీనా అడ్డుపడింది. "కాదు సార్. పిన్ని ఇరవై రెండేళ్లుగా కూర్చుంటోంది. కుడిచేతికి నేర్చుకోడానికింకేం మిగల్లేదు. కానీ ఎడమచెయ్యి ఒక్కసారీ పుల్ల పట్టలేదు. కుడిచేతి నేర్పు ఎడమచేతికి చేరిందో లేదో చూస్తాను. ప్రయోగం మార్చుకోనివ్వండి."

"పోల్చి చూడ్డానికి కొత్త మనిషేడీ?"

షకీనా ఖాళీ ల్యాబంతా చూసి, చివరికి ఆయన్నే చూసింది. "మీరెప్పుడైనా చేశారా సార్?"

"చేయించాను! వేలమంది చేత!"

"అయితే మీరే కొత్త మనిషి సార్."

నూకరత్నం అప్పటికే స్టూలు లాగేసింది. "కూకోండి బాబూ."

ముందు నూకరత్నం ఎడమచెయ్యి తిప్పింది. ఐదు తప్పులు! తర్వాత పరాంకుశం గారి ఎడమచెయ్యి. టక్, టక్, టకటకటక... నలభై ఏడు. "ఈ అద్దం వంకరగా ఉంది" అన్నారు. "బల్ల ఊగుతోంది" అన్నారు. ఓటమికి ఇలా కారణాలు కుట్టుకోవడాన్ని మా మనోవిశ్లేషణాయన రక్షక తంత్రం అనేవాడు; షకీనా మాత్రం అంకె రాసుకుంది. రెండో రౌండు ముప్పై ఎనిమిది. "శెబాసండీ, ఆ మూల బాగా తిప్పేరు!" అని నూకరత్నం మెచ్చుకోగానే ఇరవై తొమ్మిది. మెప్పుకి తప్పు తగ్గిందని ప్రవర్తనావాది ఉంటే పొంగిపోయేవాడు.

పరాంకుశం గారు లేవబోయారు.

"ఇంకా రెండు రౌండ్లున్నాయి సార్. మధ్యలో లేవకూడదు."

ఆయన బుద్ధిగా కూర్చున్నారు. ఇరవై ఒకటి. పదహారు. షకీనా గ్రాఫు కాగితం మీద ఆయన తప్పులు మెట్లు దిగినట్టు దిగాయి.

"అయితే ఏం తేలింది?" అని చెమట తుడుచుకుంటూ అడిగారాయన.

"ఇద్దరితో ఏదీ తేలదు సార్. నేర్పు చేరినట్టు కనబడుతోంది. అంతవరకే రాస్తాను."

ఆయన గ్రాఫు మీద మెట్లన్నీ వేలితో దిగి చూశారు. తర్వాత మార్కుల కాగితం ముందుకు లాక్కుని యాభైకి నలభై ఆరు వేసి, కింద సంతకం చేశారు. సంతకం కుడిచేత్తోనే చేసినా కాస్త వంకరపోయింది.

"మా పిల్ల పీజీకెళ్లిపోతందండోయ్!" అని నూకరత్నం వరండా పొడుగునా అరుచుకుంటూ పోయింది. వెనకే షకీనా, ఏడుస్తోందో నవ్వుతోందో ఏ వాదమూ తేల్చలేని మొహంతో, పరుగెత్తింది.

గేటు దగ్గర పరీక్షాధికారి కారు హారను కొడుతోంది. పరాంకుశం గారు తలుపు దగ్గరదాకా వెళ్లి, అటూ ఇటూ చూసి, మళ్లీ వచ్చి నా ముందు కూర్చున్నారు. చొక్కా చేతులు మడిచి, పుల్ల ఈసారి కుడిచేత్తో పట్టుకున్నారు.