పదమూడు బై డెబ్బై

మా అమ్మాయిని ఇంట్లో అందరం వసపిట్ట అనే పిలుస్తాం. అసలు పేరు స్కూలు రిజిస్టర్లో ఉంది, దాంతో మాకెప్పుడూ పనిపడలేదు. రెండేళ్ళప్పుడు మొదలుపెట్టిన మాటలు పదహారేళ్ళు వచ్చేదాకా ఆపలేదు. పళ్ళు తోముకుంటూ కూడా ఏదో ఒకటి చెప్పేది. ఆ తర్వాత ట్యాంకులో నీళ్ళు అయిపోతున్నప్పుడు కుళాయి ధార సన్నబడినట్టు మాటలు సన్నబడి, ఏడాది తిరిగేసరికి "ఊ", "ఊహూ", "బాగానే ఉంది" దగ్గర నిలిచాయి. ఇప్పటికీ వసపిట్ట అనే పిలుస్తున్నాం. పిలిచిన ప్రతిసారీ నాకే సిగ్గేస్తుంది.

డిప్రెషన్ అని డాక్టరు తేల్చాక, వారానికోసారి దాన్ని ఈ క్లినిక్‌కి తీసుకొస్తున్నాను. పన్నెండు వారాలు కౌన్సిలింగ్ అన్నారు. రెండు బస్సులు మారాలి, మూడంతస్తులెక్కాలి. లిఫ్ట్ ఉంది, నడవదు. మావారు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మొదటి వారం తోడొచ్చి, దాని తలుపులోంచి తొంగిచూసి, "ఏమీ లేదు, కాస్త నూనె పడితే చాలు" అన్నారు. కూతురి సంగతిలోనూ ఆయన అభిప్రాయం అదే. "ఏమీ లేదు, నలుగురిలో తిరిగితే చాలు." రెండో వారం నుంచి నేనే తీసుకొస్తున్నాను. ప్రతి గురువారం అరపూట సెలవు. హెడ్మాస్టరు నా సెలవు చీటీ అందుకునే తీరు చూస్తే, నేను సినిమాకి వెళ్తున్నానేమో అని నాకే అనుమానం వస్తుంది.

నేను అలిసిపోయి ఉన్నాను. ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పేది మీకు అర్థమవుతుంది.

ఆ రోజు పదకొండో వారం. వెయిటింగ్ హాల్లో ఎప్పటిలాగే ఒకదానికొకటి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగీ తిరగని ఫ్యాను, పక్కన గ్లాసు లేని నీళ్ళ డబ్బా. వసపిట్ట తన ఫైలు నా ఒళ్ళో పెట్టి బాత్రూమ్‌కి వెళ్ళింది. ఫైల్లో దాని వారపు కాగితం ఉంటుంది. రోజుకో గడి. ఆ రోజు ఏం చేసిందో ఒక ముక్క, సాయంత్రానికి మనసెలా ఉందో సున్నా నుంచి పదిలోపు ఒక అంకె. కౌన్సిలరమ్మ ఇచ్చే ఇంటిపని అది. చిన్న చిన్న పనులు కూడా ఆవిడే పెడుతుంది: పది నిమిషాలు నడవడం, డాబా మీద బట్టలారెయ్యడం, పాత స్నేహితురాలికి ఫోన్ చెయ్యడం. ఏ పని చేసిన రోజు మనసు కాస్త తేలికపడిందో ఆ అంకెల్లో తెలుస్తుందట.

ఫైలు ఒళ్ళో ఉంటే తెరవకుండా ఉండడం నా వల్ల కాదు. ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. తెరిచి చూశాను. ఏడు, ఏడు, ఆరు, ఏడు, ఎనిమిది, ఏడు, ఏడు. మొత్తం నలభై తొమ్మిది. కూడింది నేను కాదు, నా చెయ్యి. ప్రతి గడిలోనూ ఒకటే మాట, "బాగానే ఉంది". ప్రాణం లేచొచ్చినట్టయింది. కాగితాన్ని మళ్ళీ లోపల పెట్టబోతూ, అలవాటు కొద్దీ కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టాను.

మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది తెలిసిన విద్యే. ప్రోగ్రెస్ కార్డు మీద రెండుని ఏడు చేసిన పిల్లల్ని ఎంతమందిని పట్టుకున్నానో లెక్కలేదు. రబ్బరుతో ఎంత చెరిపినా పెన్సిలు నొక్కిన గాడి పోదు. వెలుతురులో పెడితే కనపడుతుంది. కనపడింది. ఏడు కింద రెండు. ఏడు కింద ఒకటి. ఎనిమిది కింద మూడు. వారం పొడవునా అంతే.

పాత కాగితాలు తీసి చూశాను. పద్దెనిమిది, ఇరవై మూడు, ఇరవై ఎనిమిది, ముప్పై రెండు, అలా పెరుగుతూ వచ్చాయి. ఏ పిల్లవాడి మార్కులూ అలా మెట్లెక్కినట్టు పెరగవు. క్లాసులో ఎవడైనా ఇలా తెచ్చి ఉంటే మొదటి నెలలోనే చెవి పట్టుకునేదాన్ని. నా కూతురు తెస్తే, ప్రతి గురువారం బస్సులో కూర్చుని, "హమ్మయ్య, గాడిన పడుతోంది" అనుకున్నాను.

ఎప్పుడు మొదలైందో కూడా అప్పుడే గుర్తొచ్చింది. రెండో వారం అది. వంటింటి బల్ల మీద నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. వసపిట్ట తన కాగితాన్ని ఆ పక్కనే పెట్టి స్నానానికెళ్ళింది. దొంతరలో కాగితం మీద కాగితం లాగుతుంటే అదీ చేతిలోకొచ్చింది. మంగళవారం గడిలో "ఊరికే దుఖం వస్తోంది" అని రాసి ఉంది. ఎర్రపెన్ను చేతిలోనే ఉంది. 'దు' పక్కన రెండు సున్నాలు పెట్టాను. దుఃఖానికి విసర్గ ఉండాలి కదా! ఏడు అంకెలూ కూడి, కింద గీత గీసి, 13/70 అని వేసి చుట్టూ సున్నా చుట్టాను. చుట్టాక చూసుకున్నాను, ఇది మా పిల్లదని. నవ్వొచ్చింది కూడా. అది స్నానం చేసి వచ్చాక కాగితం చేతికిచ్చి, "మీ అమ్మకి పిచ్చి ముదిరింది, దీన్నీ దిద్దేశాను" అన్నాను. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. "వచ్చే వారం ఇంకాస్త పెరగాలి మరి" అన్నాను.

అది "ఊ" అంది. ఆ తర్వాత ఏ కాగితంలోనూ దుఖం అనే మాట లేదు. "బాగానే ఉంది"లో తప్పు పోవడానికి ఏముంది?

వసపిట్ట తిరిగొచ్చి ఫైలు తీసుకుంది. కౌన్సిలరమ్మ పిలిస్తే లోపలికెళ్ళింది. ముప్పావుగంట అది ఒక్కతే ఉంటుంది, చివరి అయిదు నిమిషాలకి నన్ను పిలుస్తారు. ఆ ముప్పావుగంట నేనేం ఆలోచించానో దాచుకుంటే ఈ కథ రాయడం దండగ. ఆ ఏడుని నమ్ముకుందామనుకున్నాను. ఏమో, చెరిపి రాసిందంటే నిజంగానే మనసు మార్చుకుందేమో. పోనీ ఇంకొక్క వారం, తర్వాత గురువారాలు నావి. రెండు బస్సులుండవు, మూడంతస్తులుండవు, హెడ్మాస్టరు మొహం చూడక్కర్లేదు. కన్నతల్లినేనా అని ఒక పక్క ఒళ్ళు మండుతోంది, ఇంకో పక్క నిద్రొస్తోంది. నిజంగానే కుర్చీలో కళ్ళు మూతలు పడ్డాయి.

"మేడమ్, రండి" అన్న పిలుపుకి లేచాను.

కౌన్సిలరమ్మకి నిండా ముప్పై ఉండవు. సన్నగా, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. మా స్కూల్లో అయితే చివరి బెంచీ దాకా వినపడదు. బల్ల మీద మా పిల్ల గ్రాఫు పరిచి ఉంది, గీత నిటారుగా పైకి పోతోంది.

"మంచి మాట మేడమ్. వరసగా నాలుగు వారాలు బాగున్నాయి. వచ్చే వారంతో ముగించేద్దాం అనుకుంటున్నాను. వెయిటింగ్ లిస్టులో చాలామంది పిల్లలున్నారు. మీరు ఇక్కడ సంతకం పెడితే..."

పెన్ను కూడా నా వైపు తిప్పి పెట్టింది. వసపిట్ట కిందకి చూస్తూ గోళ్ళు గిల్లుకుంటోంది. సంతకం పెడితే అది ఇంటికొస్తుంది. తలుపేసుకుంటుంది. అడిగినవాళ్ళందరికీ బాగానే ఉంది అని చెబుతుంది. రెండుల మీద ఏడులు రాసుకుంటూ ఆ గదిలో ఒక్కతే మిగిలిపోతుంది, ఇక అడిగే మనిషి కూడా ఉండదు. అది తలుచుకుంటే నాకు భయమేసింది. పెన్ను ముట్టుకోలేదు.

"ఈ పేపరు చెల్లదండీ" అన్నాను.

"అంటే?"

"అమ్మా, వద్దు" అంది వసపిట్ట.

"దీని తప్పేం లేదు. దిద్దింది నేను. రెండో వారం కాగితం ఎర్రపెన్నుతో దిద్ది, మొత్తం వేసి, పెరగాలి అన్నాను. అప్పట్నుంచి అది నాకోసం రాస్తోంది, మీకోసం కాదు. ఒకసారి వెలుతురుకి పెట్టి చూడండి."

ఆవిడ చూడలేదు. కాగితాన్ని అక్కడే ఉంచి, మా పిల్ల వైపు తిరిగింది. "రెండో వారం కాగితం మీద ఎర్రగీతలేవీ లేవే?"

"మళ్ళీ రాసి తెచ్చాను" అంది వసపిట్ట. "అది... బాగోలేదని."

"మరి అసలు అంకెలెంత?"

వసపిట్ట మళ్ళీ గోళ్ళు గిల్లుకుంది. నాకు నోరు ఊరుకోదు, ఏదో అనబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. క్లాసులో నేనెత్తే చెయ్యే అది. ఆగాను.

"రెండు" అంది చివరికి. "ఒక్కోరోజు ఒకటి. నడిచిన రోజు మూడు."

"నడిచిన రోజు మూడా?" ఆవిడ ముందుకి వంగింది. "అన్ని వారాలూనా?"

"ఆఁ. దాదాపు."

"చూశావా, నాకు కావలసింది అదే. ఏడుల్లో అది నాకు కనపడలేదు. ఇవి మార్కులు కావు నాన్నా, థర్మామీటర్లో అంకెల్లాంటివి. జ్వరం నూట రెండుంటే ఫెయిలైనట్టా? నూట రెండని తెలిస్తేనే కదా మందు వెయ్యగలం?" గొంతు పెంచకుండానే అడిగింది. "ఏడు ఎందుకు వేశావు?"

వసపిట్ట నా వైపు చూడలేదు. బల్ల మీద గ్రాఫుతోనే మాట్లాడింది.

"అమ్మ బస్సులో నిద్రపోతుందండీ. నిలబడి కూడా నిద్రపోతుంది, కమ్మీ పట్టుకుని. నేను పాసైపోతే ఇక రానక్కర్లేదు కదా అని." ఆగింది. "అమ్మ కూడా కలుపుతుంది. ఎవరైనా పాసవ్వడానికి రెండు మూడు తక్కువైతే, పాపం అని గ్రేస్ మార్కులు కలుపుతుంది. నేనూ అలాగే... అమ్మకి కలిపాను."

నా జీవితంలో నాకెవరూ గ్రేస్ మార్కులు కలపలేదు. కలిపిన మనిషి దగ్గర తనకి వేసుకోవడానికి రెండే ఉన్నాయి. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను. అక్కడ టిష్యూల డబ్బా పిల్లల కోసం పెట్టారు. సగం నేనే ఖర్చుచేశాను.

కౌన్సిలరమ్మ నన్ను కాసేపు బయట కూర్చోమంది. అన్నీ మళ్ళీ మొదటినుంచి అడగాలట, బతుకు మీద విసుగు పుడుతోందా అన్న ప్రశ్న కూడా. ఇంతకు ముందు దానికి వచ్చిన జవాబునీ నమ్మడానికి లేదు కదా. ఆ పావుగంటలో నాకు నిద్ర రాలేదు. మెట్ల దగ్గర నిలబడి, నడవని లిఫ్టు మీటని ఊరికే నొక్కుతూ ఉన్నాను.

తలుపు తీశాక ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. ఇప్పటికిప్పుడు ప్రమాదమేమీ లేదు, కానీ తేలిగ్గా తీసుకునే స్థితి కూడా కాదు. పెద్ద డాక్టరుగారికి రాసి ఇంకో ఎనిమిది వారాలు అడుగుతుంది. రాత్రయినా పగలైనా మనసు మరీ బరువెక్కితే ఎవరికి చెప్పాలో కాగితం మీద రాయించి ఇద్దరికీ ఇచ్చింది. దాని కాగితం అది చూపిస్తే తప్ప నేను ముట్టుకోకూడదు.

"మీకూ ఒకటివ్వనా టీచర్ గారూ? వారం కాగితం?" అంది నవ్వుతూ.

"అమ్మకి ఎంతొస్తుంది?" అని వసపిట్ట అడిగింది. తనంతట తను ఒక ప్రశ్న అడిగి ఎన్ని నెలలైందో.

"మూడు" అన్నాను. అబద్ధమాడే ఓపిక లేదు.

"నడిచిందేమో" అంది అది కౌన్సిలరమ్మతో.

తిరుగు ప్రయాణంలో రెండు బస్సుల్లోనూ నేను నిద్రపోలేదు. గొప్ప మార్పేమీ రాలేదని కూడా చెప్పాలి. శుక్రవారం అది మంచం దిగలేదు. మావారు నలుగురిలో తిరగమనబోతే, వంటింట్లోకి పిలిచి చెప్పాల్సింది చెప్పాను. శనివారం తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు. ఆయన ఒక్కముక్క మాట్లాడలేదట, అదే పెద్ద విశేషం. ఇంకో ఎనిమిది వారాలకి ఒప్పుకున్నారని సోమవారం ఫోనొచ్చింది. హెడ్మాస్టరుకి ఎనిమిది చీటీలూ ఒకేసారి రాసి ఇచ్చేశాను.

మంగళవారం సాయంత్రం వంటింటి బల్ల మీద పేపర్లు దిద్దుకుంటున్నాను. వసపిట్ట వచ్చి పక్కన నిలబడింది. కాసేపటికి తన కాగితం నా ముందు పెట్టింది, తనే. గడిలో ఒకటి వేసి ఉంది. చెరిపిన గాడి లేదు, ఈసారి పెన్నుతో రాసింది. దాని పక్కన "పొద్దున్నుంచీ దుఖం" అని ఉంది.

విసర్గ లేదు. ఎర్రపెన్ను నా చేతిలోనే ఉంది. దాని మూత పెట్టి, పక్క కుర్చీ మీద పేపర్ల కట్ట తీసి కిందపెట్టి, "కూర్చో" అన్నాను.

కూర్చుంది.