చివరి నిప్పుకు జోడీ

బుట్టను బొగ్గుల మీది నుంచి లేపి పక్కకు దించేటప్పుడు, అవతలి చివర పట్టుకున్న పొట్టి వాంగ్ మళ్ళీ తొందరపడ్డాడు. గుప్పెడు తేయాకు నేల మీద ఒలికింది. చాంగ్‌గెన్ పళ్ళు కొరికాడు. అసలు కోపం వాంగ్ మీద కాదు, వాడు పాపం కూలికొచ్చినవాడు. చాంగ్‌గెన్ చెవులు రెండూ వాకిలికి అవతలి కొట్టంలో ఉన్నాయి. అక్కడ లాయ్‌షున్ బుట్ట పట్టుకుని ఉన్నాడు. అతనికి ఎదురుగా ఉన్నది చాంగ్‌గెన్ కాదు, లాయ్‌షున్ కోడలు మెయ్‌రూ!

ఆ కొండ ఊళ్ళ తేయాకులో మొగ్గ ఉండదు, కాడ ఉండదు, ఒట్టి ఆకే. పెనంలో వేగి, సన్నసెగ మీద ఆరాక, చివరికి భగభగమనే బొగ్గుల మీదికి వెళుతుంది. ఇద్దరు చెరో పక్క పట్టి ఆ పెద్ద వెదురు బుట్టను నిప్పు మీద పెట్టాలి, రెండు ఊపిర్లు ఆగి లేపాలి, పక్కకు మోసి ఆకు తిరగేయాలి, మళ్ళీ పెట్టాలి. ఒక్క ఊపిరి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే పచ్చివాసన పోదు. పొద్దస్తమానం ఇదే నడక. ఇద్దరి అడుగూ ఒకటి కాకపోతే పని సాగదు.

చాంగ్‌గెన్ అడుగు ఎవరితోనూ కలిసేది కాదు. చిన్నప్పుడు విరిగిన ఎడమ మోచేయి వంకరగా అతుక్కుంది. ఒకవైపు ఒరిగి నడుస్తాడు. బుట్ట లేపే ముందు గుటక మింగుతాడు, ఆ అలవాటు తనకే తెలియదు. ఇన్ని వంకరలకూ సర్దుకున్న మనిషి ఒక్కడే, లాయ్‌షున్. ఇరవై ఏళ్ళకు పైగా ఇద్దరూ ఒక్క మాట లేకుండా బుట్ట మోశారు. నిరుడు పట్నం నుంచి వచ్చిన బేరగాడు ఆకు వాసన చూసి, కాల్చిన గింజల కమ్మదనం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే లాయ్‌షున్ నవ్వాడు. "సగం ఈ కొండ గుహలో ఉండే గబ్బిలాలది. తాతల నాటి నుంచి వాటి రెట్ట తిన్న నేల ఇది. మిగతా సగం మావాడి వంకర చేతిది" అన్నాడు. చాంగ్‌గెన్ ఆ మాటను ఏడాదంతా బుగ్గన పెట్టుకుని చప్పరించాడు.

అలాంటిది మొన్న పొద్దున, నలుగురి ముందు, లాయ్‌షున్ ఇలా తేల్చేశాడు. "ఈ ఏడు నాకు మా కోడలు చాలు. నువ్వు వాంగ్‌తో పట్టు."

ఎందుకో చెప్పలేదు. చాంగ్‌గెన్ మూతి ముడుచుకుని వాంగ్ పక్కకు నడిచాడు.

ఆకుల నుంచి కాడలు తుంచే ఆడవాళ్ళు గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్నారు. వాళ్ళలో అతని భార్య యూయే తల ఎత్తింది.

"ఏమయ్యా, ఆ మొహమేంటి మాడిన పెనంలా? నీకు సవతొచ్చిందని ఊరంతా ఒకటే గుసగుసలు."

చాప మీద నవ్వులు రేగాయి.

"నోరు మూసుకుని ఆకు తుంచు."

"నా మీద అరిస్తే నీ మొగుడు తిరిగొస్తాడా?"

అతను విననట్టే నటించాడు. కానీ కడుపులో మంట బొగ్గులతో పోటీ పడింది. ఆ పిల్లకు కుడి ఎడమ తెలుసా? నిన్నగాక మొన్న కాపురానికొచ్చి, వంటింట్లోంచి సరాసరి చివరి నిప్పు దగ్గరికే! తనేమో వాంగ్‌తో ఆకు ఒలకబోసుకుంటూ కూర్చోవాలి.

మధ్యాహ్నం అన్నం గిన్నెలు వచ్చే వేళకు నీళ్ళకని అవతలి కొట్టం పక్కగా వెళ్ళాడు. లోపల కనిపించిన దృశ్యానికి కాళ్ళు ఆగిపోయాయి. లాయ్‌షున్ ఖాళీ బుట్ట పట్టుకుని నడుస్తున్నాడు. ఎడమ మోచేయి వంచాడు. ఒక పక్కకు ఒరిగాడు. లేపబోతూ గొంతు ఆడించి గట్టిగా గుటక మింగాడు. మెయ్‌రూ నవ్వాపుకోలేక బుట్ట వదిలేసింది.

చాంగ్‌గెన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాగుందిరా! ఇరవై ఏళ్ళు నా పక్కన నడిచి నేర్చుకున్నది ఇదా? కోడలి ముందు నన్ను కోతిని చేసి ఆడిస్తున్నావా?"

లాయ్‌షున్ ఉలిక్కిపడ్డాడు. ఏదో చెప్పబోయి దగ్గాడు. "కాదురా మొండెద్దూ... సాయంత్రం చెబుతా, ఆగు."

"నీ చెప్పడాలు నాకొద్దు. ఇక నీ బుట్ట మీద నా చెయ్యి పడితే ఒట్టు!"

మెయ్‌రూ నవ్వు ఎటు పోయిందో పోయింది. లాయ్‌షున్ అన్నం గిన్నె ముట్టకుండా పక్కన పెట్టాడని ఎవరో చెప్పారు. మంచిదే అనుకున్నాడు చాంగ్‌గెన్. తను మాత్రం మొండికి రెండు గిన్నెలు తిన్నాడు, ఒక్క ముద్దకూ రుచి తెలియలేదు.

పొద్దు వాలుతుండగా మెయ్‌రూ పరుగున వచ్చింది.

"బాబాయ్, బుట్ట నిప్పు మీదికి పోయే వేళయింది. మామయ్య బయట బల్ల మీద కూర్చుండిపోయాడు, నన్ను మిమ్మల్ని పిలవమన్నాడు. ఆకు పాడైపోతుంది, రండి బాబాయ్."

ఒట్టు గుర్తొచ్చింది. కానీ సన్నసెగ మీద ఆరిన ఆకు నిప్పు కోసం ఎదురుచూస్తుంటే ఏ ఒట్టు నిలుస్తుంది? వెళ్ళాడు. రా, చూద్దాం నీ నడక, అనుకుంటూనే బుట్ట పట్టాడు.

ఆమె తొందరపడలేదు. అతను గుటక మింగేదాకా ఆగి, అప్పుడు లేపింది. అతని వంకర చెయ్యి సాగని పక్కన తన వైపు అంచును కొద్దిగా కిందికి దించి పట్టింది. అతను ఒరిగితే తానూ ఒరిగింది. వెళ్ళారు, వచ్చారు. ఒక్క ఆకు ఒలకలేదు. చాంగ్‌గెన్ బుట్ట మీదుగా ఆమె వైపు చూశాడు.

"ఎవరు నేర్పారే నీకిది?"

"ఇంకెవరు, మామయ్యే. మూడు రోజుల నుంచి మీలాగే నడిచి చూపిస్తున్నాడు. గుండె అయిపోవచ్చింది, బరువెత్తొద్దని పట్నం డాక్టరు చెప్పాడు. 'నేను పోతే వాడి అడుగు ఎవరితోనూ కలవదు, అలిగి నిప్పు దగ్గరికే రాడు, నువ్వు నేర్చుకో' అన్నాడు. మీకు చెబితే ఒట్టే అన్నాడు."

బుట్ట మధ్యలో వదలడానికి లేదు. అదే అడుగుతో ఇద్దరూ నిప్పుకూ నేలకూ మధ్య తిరిగారు. చివరికి ఆకు మీద, బూడిద గుమ్మడికాయ మీద ఉన్నట్టు, తెల్లటి పొడి లేచింది. ఆకు కుదిరింది. చాంగ్‌గెన్ బుట్ట దించి బయటికి ఉరికాడు.

"ఒరేయ్ ముసలోడా! నేనంత వంకరగా నడుస్తానా? కళ్ళున్నాయా నీకు?"

లాయ్‌షున్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం ఛాతీ మీద వాలి ఉంది. చాంగ్‌గెన్ ఇంకోసారి పిలిచాడు. తర్వాత పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నాడు. బొబ్బలెక్కిన అరచెయ్యి, ఇంకా వెచ్చగానే ఉంది. మెయ్‌రూను వెంటనే పిలవాలని తెలుసు, పిలవలేదు. మిగిలిన మూడు రోజుల నడకనూ దానికే ఇచ్చేశావు కదరా, నాకొక్కటైనా మిగల్చలేదు కదరా, అనుకున్నాడు. అంత దుఃఖంలోనూ ఆ పిల్లను చూసి కుళ్ళుకున్నాడు.

జనం వచ్చారు. యూయే భర్త భుజం మీద చెయ్యి వేసింది. నలుగురూ కలిసి లాయ్‌షున్‌ను ఇంటికి మోసుకుపోయారు.

బల్ల మీద అతను టీ తాగే గాజు సీసా మిగిలింది, ఎప్పుడో పీచ్ పండ్లతో కొన్నది. అందులో ఈ ఏటి కొత్తాకు. మొదటి నీళ్ళు తాగేసి, రుచంతా దిగే రెండో నీళ్ళు పోసుకుని, మూత తిప్పి పక్కన పెట్టుకున్నాడు. ఆకులన్నీ విచ్చుకుని అడుగుకు చేరాయి, నీళ్ళు మాత్రం పైదాకా అలాగే ఉన్నాయి.