ఆర్ బెన్‌కు రెండు అర్థాలు

మా వేల్స్‌లో ‘పెన్’ అంటే తల. మనిషికే కాదు, కొండ శిఖరమూ తలే, వీధి చివరా తలే. పుట్టినరోజును ఏడాది తల అంటాం. మాటల మధ్యలో పడితే అది ‘బెన్’ అవుతుంది. ‘ఆర్ బెన్’ అని ఫలానా కొండ పేరో బల్ల పేరో తగిలిస్తే, దాని పైన ఉందని. ఏమీ తగిలించకుండా ఊరుకుంటే, అయిపోయింది, ఇక లేదని. ఈ తేడా మా అక్క మొగుడు జేగోకి ముప్పై ఏళ్లయినా ఒంటబట్టలేదని మా ఇంట్లో అందరికీ నవ్వులాట.

బావది ఇంగ్లండ్ కొసనున్న కార్న్‌వాల్, పెన్రిన్ ఊరు. పెన్ వాళ్ల పాత భాషలోనూ ఉంది కానీ, చాలామందికి ఊళ్ల పేర్లలోనే మిగిలింది. పెళ్లయిన కొత్తలో ఇంటికొచ్చిన పాస్టరుగారికి బల్ల చూపిస్తూ “టీ ఆర్ బెన్” అన్నాడు. టీ అయిపోయిందనుకుని పాపం ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ముచ్చట చెప్పి బావను ఏడిపించకపోతే నేనేం మరదల్ని!

మొన్న నవంబరులో మా అక్క హైల్వెన్ తప్పిపోయిన గొర్రె కోసం పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నం దాటినా రాలేదు. బయట ఒకటే పొగమంచు. పక్క పొలం ఎమ్రిస్ కుక్కను తీసుకుని వెతకబోయాడు. చీకటి పడే ముందు అతని ఫోనొచ్చింది, అంతా గరగర.

“మెరెరిడ్! హైల్వెన్... ఆర్ బెన్...”

అంతే, తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. ఏడుస్తూ బావ దగ్గరికి పరుగెత్తాను.

“అయిపోయింది బావా. అక్క ఇక లేదు. ఆర్ బెన్ అన్నాడు ఎమ్రిస్.”

మా మేనత్త మెన్నా అప్పుడే కళ్లు తుడుచుకుంటూ, పలకరించడానికొచ్చేవాళ్ల కోసం కప్పులు దింపుతోంది.

“పైన ఉందన్నాడన్నమాట,” అన్నాడు బావ. “దేని పైన?”

“నీ వచ్చీరాని భాష తగలెయ్య! ఇప్పుడా బావా?”

“ఇక్కడ పైన అంటే వోయిల్ కొండే కదా. దుప్పట్లేవి? కొండల్లో వెతికేవాళ్లకి ఫోన్ చెయ్, ఊఁ!”

నేను తిడుతూనే ఫోన్ చేశాను. ఆయన అప్పటికే గేటు దాటాడు.

వోయిల్ తల మీద, రాతిగోడ చాటున, ఎమ్రిస్ కోటు కప్పుకుని పడి ఉంది అక్క. చీలమండ విరిగింది, ఒళ్లు మంచుగడ్డైపోయింది, నోరు మాత్రం ఏం తగ్గలేదు. “ఇంతసేపా? దారిలో టీ తాగి వచ్చావా?” అందట మొగుణ్ని. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

ఆసుపత్రి వరండాలో బావ పక్కన కూలబడ్డాను. బతికున్న అక్క పోయిందని ఏడ్చేశానే అని ఒకటే సిగ్గుగా ఉంది.

“నీకు భాష రాకపోవడమే మంచిదైంది బావా,” అన్నాను. “లేకపోతే నువ్వూ మాతో కూర్చుని ఏడ్చేవాడివి.”

ఆయన ఒళ్లోని దుప్పటి మడత పెట్టాడు.

“రెండో అర్థం నాకు పాస్టరుగారు టోపీ పెట్టుకున్న రోజు నుంచీ తెలుసు, మెరెరిడ్,” అన్నాడు.