ఓణీ ముడిలో తాళంచెవి

మా అన్న హర్దత్ కిటికీలకు ఇనుప కటకటాలు చేస్తాడు. మా తాతలు ఓడెక్కి వచ్చి స్థిరపడిన ఈ డెమెరారా తీరంలో మా వీధి వీధంతా ఆయన చేతి పనే. సొంత ఇంటికైతే మరీనూ. స్తంభాల మీద పాత చెక్క ఇల్లు, దిగడానికి ఒకటే మెట్ల వరస, మిగిలిందంతా ఇనుమే. ఫైరింజన్ వాళ్లు మా బడికొచ్చి, ప్రతి ఇంటికీ రెండో దారి ఉండాలని చెప్పిన దగ్గర్నుంచీ నేను ఆయన్ని వదల్లేదు.

"దొంగ ఊరికే వస్తుంటాడే. నిప్పెప్పుడొచ్చింది మనింటికి?" అన్నాడు.

"వచ్చేముందు కబురు పెడుతుందా?"

"ముందు నీ నోటికి చెయ్యాలి ఓ కటకటం."

అయినా ఫగ్వా రంగుల పండగ వెళ్లాక వెనక కిటికీ కటకటాన్ని కోసి తలుపులా తెరుచుకునేట్టు చేశాడు. బయటి చెయ్యి అందకుండా లోపల ఇనుప డబ్బా అతికి అందులో తాళం, పక్కన మేకుకి తాళంచెవి. కిటికీ కింద వంటపాక రేకులు. వాటి మీదికి దిగి, అక్కణ్ణుంచి నేలకి దిగి, అందరం ఇంటి ముందు కాలవ వంతెన మీద కలుసుకోవాలి. ఒకసారి దిగి చూశాం కూడా. అమ్మ రేకుల మీద కూర్చుండిపోయి ఒకటే నవ్వు.

"ఈ వయసులో నన్ను కోతిని చేశారు కదరా!"

కానీ ఆ మేకు మీద తాళంచెవి ఉంటే అమ్మకి నిద్ర పట్టేది కాదు. మా ఊరి దొంగలు పొడుగాటి కర్రకి కొక్కెం కట్టి, ఊచల సందులోంచి ఏదైనా లాగేస్తారు.

"పక్కింటి సుఖ్‌దేవ్ మంచం పక్కనుంచి ప్యాంటే లాక్కుపోయారు. తాళంచెవి ఒక లెక్కా?" అనేది.

ఆ కిటికీ దగ్గరికి వెళ్లినప్పుడల్లా నేను మేకుకి తగిలించడం, నేనిటు తిరగ్గానే ఆవిడ తీసి తల మీద కప్పుకునే ఓణీ చెంగున ముడేసుకోవడం. పోట్లాడి పోట్లాడి నా నోరు నొప్పెట్టింది.

ఆ సోమవారం పొద్దుటి నుంచీ కరెంటు లేదు. బట్టలుతికి ఆరేశాక అమ్మ పైన నడుం వాల్చింది. అన్న పనికి, వదిన బస్మతి బజారుకి వెళ్లారు. నేను ఇంటి కింద గుమ్మడికాయ తరుగుతున్నాను. కరెంటు వచ్చింది, రావడమే ఉధృతంగా వచ్చింది. మెట్ల పైన ఫ్రిజ్ అంటుకుంది. నేను లేచేసరికే మెట్లు దక్కలేదు.

వెనక్కి పరిగెత్తాను. కిటికీ దగ్గర అమ్మ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"తాళంచెవి ఏదమ్మా?"

తల తడుముకుంది. తల మీద ఓణీ లేదు. నా వెనక ఎటో చూసింది.

"దండెం మీదుందే," అంది, వానొస్తోంది తెచ్చిపెట్టు అన్నంత మామూలుగా.

ఓణీ లాక్కుని, వంటపాక పక్కనున్న పీపా ఎక్కి రేకుల మీదికి పాకాను. తడి ముడి బిగుసుకుపోయింది. గోళ్లతో రాలేదు. పళ్లతో లాగాను. పైన అమ్మ దగ్గుతోంది. నన్ను తిట్టుకున్నాను, ఆవిణ్ణి తిట్టాను, ఆ ముడిని తిట్టాను. ముడి వీడేసరికి దగ్గు ఆగిపోయింది. పొగలోంచి ఊచల సందున చెయ్యొకటి వేలాడుతోంది. అరచేతిలో తాళంచెవి పెట్టాను. వేళ్లు ముడుచుకోలేదు.

ఎవరో నన్ను కిందికి లాగి వంతెన మీదికి చేర్చారు. అన్న పరిగెత్తుకుంటూ అనుకున్న ప్రకారం వంతెన దగ్గరికే వచ్చాడు. నన్ను చూశాడు. నా వెనక వెతికాడు. అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను.

ఇక ఇనుము ముట్టనన్నాడు. కొత్తగా కట్టుకున్న ఇంటికి ఒక్క ఊచ కూడా పెట్టలేదు. వానలు మొదలవకముందే, పట్టపగలు, వదిన లోపల పడుకుని ఉండగానే గ్యాస్ సిలిండర్ ఎత్తుకుపోయారు. ఆమె భయానికి అన్నం మానేసింది. అన్న మళ్లీ ఇనుము పట్టాడు.

మొన్న వెళ్లి చూశాను. అన్ని కిటికీలకూ కటకటాలున్నాయి. వెనకది తెరుచుకునేదే, లోపల డబ్బా, పక్కన మేకు. మేకు ఖాళీగా ఉంది.

"తాళంచెవి ఏది వదినా?"

వదిన నా మొహంలోకి చూడలేదు. ఆమె చెయ్యి ఓణీ చెంగు మీదికి వెళ్లింది.