మంచినీళ్లడిగిన సారు

ఉగాది పోయిన వారం నుంచి అరుంధతక్క మెస్సులో పప్పు ఉడకడం మానేసింది. నాలుగు విజిళ్లకు మెత్తబడాల్సిన కందిపప్పు పన్నెండు విజిళ్లకు కూడా పలుకుపలుకుగానే ఉండేది.

అశోక్ నగర్‌లో మెస్సు అంటే పప్పే. కూర బాగాలేకపోతే ఎవడూ అడగడు, పచ్చడి లేకపోయినా సర్దుకుంటాడు. పప్పు నమలాల్సి వస్తే మాత్రం మరునాడే మెస్సు మారుస్తాడు. గ్రూప్ టూకు చదివేవాళ్లం ఇరవై ఇద్దరం అక్క దగ్గర తినేవాళ్లం. ఆమె భర్త పోయి ఆరేళ్లయింది. కూతురు సంజన చదువు, అత్త కిష్టమ్మ మందులు, ఇంటి కిరాయి, అన్నీ ఆ ఇరవై రెండు కంచాల మీదే నడవాలి.

కారణం అందరికీ తెలుసు. ఎండాకాలం నీళ్లు చాలక, మా గల్లీ నల్లాల్లోకి నీళ్ల ఆఫీసువాళ్లు బోరు నీళ్లు కలిపి వదులుతున్నారు. మావాళ్లంతా జనరల్ సైన్స్ కంఠతా పట్టినవాళ్లు. పప్పు నోట్లో పెట్టుకోగానే "కాల్షియం, మెగ్నీషియం లవణాలు" అని ఒకడు, "శాశ్వత కాఠిన్యం, మరగబెట్టినా పోదు" అని ఇంకొకడు. అంత పరిజ్ఞానం ఒక్కచోట కూడినా ఒక్క గింజ ఉడకలేదు. అక్క వంటసోడా వేసి చూసింది. పప్పు మెత్తబడింది గానీ, మా కడుపులు ఉబ్బి ఆ సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీలో మా బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోలేదు.

చివరికి అక్క వెనక గల్లీ మహేశ్వరమ్మను బతిమాలుకుంది. ఆమె ఇంటికి వేరే పైపులైను, అందులో తియ్యటి మంజీర నది నీళ్లు. రోజుకు రెండు బిందెలు పట్టుకోమంది. ఒక బిందె కుక్కర్‌కు, ఒక బిందె తాగడానికి. పప్పు మళ్లీ ఉడికింది. అప్పటికే అయిదుగురు వెళ్లిపోయారు గానీ మిగతావాళ్లం నిలబడ్డాం.

"ఒక్క నెల ఓర్చుకుంట అరుంధతీ. మాకు గుడ సాలాలె గద," అంది మహేశ్వరమ్మ.

నెలలోగా మా నల్లా బాగుపడాలి. అందుకని నేను నీళ్ల ఆఫీసుకు అర్జీ రాశాను. రేపు అలాంటి ఆఫీసు కుర్చీలోనే కూర్చోవాలని అయిదేళ్లుగా చదువుతున్నవాణ్ణి, ఆ కుర్చీకి ఎక్కే భాష నాకు తెలుసు. 'తమ దివ్యసముఖమునకు' అని మొదలుపెట్టి 'కఠిన జలము వలన కలుగు క్లేశము' దాకా లాగాను. మూడు అర్జీలు గాలికి పోయాయి. నాలుగోదానికి కదలిక వచ్చింది.

నీళ్ల ఆఫీసు నుంచి పరీక్షకు జగన్మోహన్ సారు వచ్చిన రోజు అక్క కూరగాయలకు పోయింది, నేను లైబ్రరీలో ఉన్నాను. ఇంట్లో కిష్టమ్మ ఒక్కతే ఉంది. మేము వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది.

"సారొచ్చిండు బిడ్డా. ఎంత మంచోడు! కూసొని, చెమట తుడ్సుకొని, పెద్దమ్మా, జర మంచినీళ్లియ్యి అన్నడు. ఇచ్చిన. నల్ల ఎప్పుడొస్తదన్నడు. తెల్లారి అయిదింటికన్న. అయితే పరీక్షకు తెచ్చిన సీసల గుడ మంచినీళ్లే పొయ్యమన్నడు. నిండ పోసిన."

అక్క చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. "ఏ నీళ్లు పోసినవత్తా?"

"ఏ నీళ్లేంది? మహేశ్వరి ఇంటి నీళ్లు! మంచినీళ్లడిగిండు, మంచినీళ్లిచ్చిన. ఉప్పునీళ్లు కావాల్నంటే ఉప్పునీళ్లనే అడగాలె గద?"

తప్పెవరిదంటే ఏం చెప్పను? చుట్టమొచ్చినా, చందాకొచ్చినా, కరెంటు కట్ చేయడానికొచ్చినా ముందు గ్లాసుడు మంచినీళ్లివ్వడం ఆమెకు తెలిసిన మర్యాద. తాగే నీళ్లన్నిటికీ మంచినీళ్లని పేరు పెట్టుకున్న జాతి మనది. పరీక్షకొచ్చిన ఆఫీసరు కూడా ఆ పేరుతోనే అడిగితే ముసలావిడ ఏం చేస్తుంది?

పది రోజులకు కాగితం వచ్చింది. 'సదరు గృహమందలి నీరు మృదువుగాను, రుచికరముగాను, ఈ ప్రాంతమున అత్యుత్తమముగాను ఉన్నది. ఫిర్యాదు నిరాధారము.' కింద సంతకం, ముద్ర. ముద్ర వేసిన కాగితం అబద్ధమాడదని మన నమ్మకం. ఆ మాట గల్లీ అంతా పాకి మహేశ్వరమ్మ చెవిన పడింది. మరునాడు బిందెలతో వెళ్తే గేటు తీయలేదు.

"మీ ఇంట్ల గంత మంచి నీళ్లొస్తుంటే మా నల్ల మీద ఎందుకు పడ్డరు? సర్కారే రాసిచ్చిందంట గద! నన్ను పాగల్‌దాన్ని చేసిన్రు," అంది లోపలి నుంచే.

అక్క ఎంత చెప్పినా ఆమె వినలేదు. ఆ రోజు నుంచి పప్పు మళ్లీ రాళ్లయింది. పదిహేడుగురిలో ఎనిమిది మందిమే మిగిలాం. సంజన స్కూల్లో కొత్త క్లాసు పుస్తకాలు కొనమన్నారు. అక్క ఎవరినీ ఏమీ అనలేదు. కిష్టమ్మను అసలే అనలేదు. అదే ముసలావిడను ఎక్కువ కాల్చింది.

నేను మళ్లీ రాశాను. ఈసారి భాష తగ్గించి, పైవాళ్లకు కూడా ఒక కాపీ పడేశాను. దెబ్బకు జగన్మోహన్ సారే మళ్లీ వచ్చాడు. మేము సిద్ధంగా ఉన్నాం. ఆ పొద్దున పట్టిన నల్లా నీళ్లు ఎర్ర బకెట్ నిండా వాకిట్లో పెట్టాం. అంచుకు సున్నం తెట్టె కూడా కట్టింది. కిష్టమ్మకు అక్క ముందే చెప్పింది: "అత్తా, సారేమడిగినా బకెట్ల నీళ్లే ఇయ్యి. తాగనీ. తాగితే తెలుస్తది."

మే నెల ఎండ. సారు చొక్కా వీపుకు అంటుకుపోయింది. కుర్చీలో కూలబడి, వెనకటి చనువుతో, "పెద్దమ్మా, గా రోజు ఇచ్చినట్ల జర మంచినీళ్లియ్యి," అన్నాడు.

కిష్టమ్మ గ్లాసు తీసుకుని బకెట్ దగ్గరికి వెళ్లింది. వంగింది. ముంచలేదు. ఎండన పడి వచ్చిన మనిషికి ఆ నీళ్లు ఇవ్వడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఖాళీ గ్లాసుతోనే తిరిగి వచ్చి, తల వంచుకుని, ఎవరికీ వినపడకూడదన్నట్టు అంది:

"మంచినీళ్లు లెవ్వు బిడ్డా."

ఆ ఇంటి గడపలో ఆమె ఆ మాట ఎన్నడూ పలికి ఉండదు.

సారు ఫైలు తెరిచి రాసుకున్నాడు. "నీళ్లు లెవ్వు. సరే."

అక్క బకెట్ ఎత్తుకుని ఆయన ముందు పెట్టింది. "ఉన్నయి సార్. ఇగో, మీ నల్ల నీళ్లు. జర సూడుండ్రి."

"ఏందమ్మా, పరేషాన్ చేస్తరు? పెద్దమ్మ లెవ్వంటది, నువ్వు ఉన్నయంటవు. నీళ్లు లేకపోతే అది సప్లై సెక్షన్. మాది క్వాలిటీ. లేని నీళ్లకు క్వాలిటీ ఎట్ల సూస్తం?" ఫైలు మూసి లేచాడు. సప్లై సెక్షన్‌కు కొత్తగా అర్జీ పెట్టుకోమని నాకు సలహా ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ నా చేతిరాతను మెచ్చుకున్నాడు.

కిష్టమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "గొంతెండినోన్ని ఉత్తగ పంపిన," అంటూ కళ్లు ఒత్తుకుంది. "మెస్సు మూస్తే మూద్దాం గానీ, ఇంకోపారి నాతోని గా మాట అనిపియ్యకు అరుంధతీ."

"అనిపియ్య," అంది అక్క.

సోమవారం బోర్డు దింపేసింది. నారాయణగూడలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది. మాకు మిగిలిన రోజుల డబ్బులు లెక్క కట్టి మరీ తిరిగి ఇచ్చింది. నేను వద్దన్నా వినలేదు.

ఇప్పుడు నేను ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు ఇంకో మెస్సులో తింటున్నాను. మొదటి రోజు పప్పు వడ్డించారు. వెన్నలా ఉడికింది. నేను మంచినీళ్లు మాత్రం తాగి లేచాను.