ముసుగు కెమెరా

ఎనభై మూడులో హనుమకొండ చౌరస్తాలోని వెంకట్రాజం స్టూడియోకు రంగుల కెమెరా వచ్చింది. దాంతో ఆయన ముసుగు కెమెరాకు కాలం చెల్లింది. మూడు కాళ్ల మీద నిలబడి, నల్లగుడ్డ కప్పుకుని, సగం వరంగల్లును తలకిందులుగా చూసిన పెట్టె అది. దానికి పట్టే ఫిల్ము ఇప్పుడు హైదరాబాదులో కూడా దొరకడం లేదు. కూతురు అరుణ దాన్ని అమ్ముతానని పాత సామాన్లవాడికి మాటిచ్చేసింది. వెంకట్రాజం పైకి సరేనన్నాడు గానీ, ఆనాటి నుంచి అన్నం సహించడం లేదు. పెట్టెతో పాటు తననూ తక్కెట్లో పెడుతున్నారనిపించింది.

ఆ వారంలోనే కేసముద్రం నుంచి పోశయ్య, సమ్మమ్మ ఫొటోకు వచ్చారు.

"మా ఆయన నవ్విన ఫొటో ఒక్కటి గావాలె సారూ. ఫొటో అంటే సాలు, ముల్లు గుచ్చుకున్నోని లెక్క మొకం పెడ్తడు" అంది సమ్మమ్మ.

అరుణ కొత్త కెమెరా ఎత్తి టక్కున నొక్కింది. పోశయ్య కొయ్యబారిపోయాడు సరే, పైగా కోపం కూడా వచ్చింది.

"గింత జల్దా? ముసుగేసుకోలె, ఊపిరి బట్టుమనలె. ఊరోళ్లమని ఆగం జేస్తాండ్రా?"

వెంకట్రాజానికి నవ్వొచ్చింది. ఇద్దరినీ పాత పెట్టె ముందు నిలబెట్టి తను నల్లగుడ్డలో దూరాడు. పెట్టెలో ఫిల్మూ లేదు, పాడూ లేదు.

"కదలొద్దు పోశన్నా! ఊపిరి బట్టు... బట్టు... ఆఁ, అయిపాయె!"

పోశయ్య బుస్సున ఊపిరి వదిలాడు. "అమ్మో, పానం పోయినంత పనాయె గదనే!" అంటూ భార్య వైపు తిరిగి పకపకా నవ్వాడు. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సరిగ్గా అప్పుడే పక్కనుంచి అరుణ కొత్త కెమెరా నొక్కింది. ఆ సందడిలో వాళ్లు గమనించనే లేదు.

ఫొటోలు కడిగించి తెచ్చేసరికి వారమైంది. మళ్లీ వచ్చి, మొగుడు నవ్విన ఫొటో చూసిన సమ్మమ్మ సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకుంది. పోశయ్య లేచి వెళ్లి, ఎద్దును తట్టినట్టు ముసుగు కెమెరాను తట్టాడు.

"నీ కొత్తది ఎందుకు పనికొస్తది బిడ్డా? ముసల్దే నయం, మొకమెరిగి తీస్తది."

తండ్రీ కూతుళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

సాయంత్రం పాత సామాన్లవాడు తోపుడుబండితో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చూడలేక వెంకట్రాజం లోపలి గదిలోకి తప్పుకున్నాడు.

"అమ్ముతలేం భయ్, పో" అంటున్న అరుణ గొంతు వినిపించింది.

ఆయన గబగబా బయటికి వచ్చాడు. అరుణ నల్లగుడ్డను వెలుతురుకు పట్టి చూస్తోంది.

"బాపూ, గీ ముసుగు చిల్లులు వడ్డది. రేపు కొత్తది కుట్టిస్త."